పాత కారు, కొత్త గ్యాసు: ఠండీ హవా తారీఖు

మా వెంకటగిరికోటలో పాత కారు ఏసీ బాగు చేయించుకోవడానికి పోతే మెకానిక్ మొట్టమొదట వేసే సవాల్ ఒకటే. "ఏ గ్యాస్ కొట్టమంటారు భాయ్?"

2000కు ముందు తయారైన బండ్ల సంగతి ఇది. "పాతదే కొట్టు" అంటారు కొందరు, అది ఇప్పుడు దొరకదని తెలియక. "134 కొట్టు" అంటారు ఇంకొందరు. "హెచ్‌సీ చవక కదా" అనేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం "ఏదో ఒకటి, ఠండీ హవా వస్తే చాలు" అనేసి చాయ్ తాగడానికి పోతారు. కానీ ఆ మూడు పేర్ల వెనక దాదాపు వందేళ్ళ తారీఖు ఉంది. అందులో మరణాలున్నాయి, కంపెనీల లాలచ్ ఉంది, దేశాల మధ్య బేరసారాలున్నాయి, మన హైదరాబాద్ పేరు కూడా ఉంది. ఆ తారీఖు తెలిస్తే జవాబు చెప్పడం సులువవుతుంది. తెలియకపోతే రేటు చూసి చెబుతాం.

మా ఊరి గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు. వి.కోట మూడు రాష్ట్రాల సరిహద్దు. ఒక పక్క కోలార్ బంగారు గనులు, ఒక పక్క కుప్పం, ఇంకో పక్క పలమనేరు. ఘాట్ దిగితే తమిళనాడు పేర్ణాంబట్టు, గుడియాత్తం, వేలూరు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, పనిమీద బెంగళూరు పోతే కన్నడం, దవాఖానాకు పోతే తమిళం. పెద్ద జబ్బు వస్తే వేలూరు సీఎంసీ తప్ప మాకు వేరే దిక్కు తోచదు. మేముండేది పీఠభూమి మీద కాబట్టి ఇక్కడ అద్దాలు దించుకుంటే గాలి సరిపోతుంది. ఘాట్ దిగాక మాత్రం అద్దాల్లోంచి వచ్చేది గాలి కాదు, తందూర్ సెగ. మే నెలలో డయాలిసిస్ కోసం దాదీని తీసుకుపోయేవాళ్ళకు కారు ఏసీ షౌఖ్ కాదు, జరూరత్. కొత్త కారు కొనే తాహత్ లేని ఘరానాలు ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి బండ్లను ఇంకా నెట్టుకొస్తున్నది అందుకే.

మా మామూజాన్ దగ్గర 1994 మోడల్ మారుతి ఉంది. బానెట్ కింద అతికించిన స్టిక్కర్ వెలిసిపోయింది గానీ "ఆర్-12" అన్న అక్షరాలు ఇంకా కనబడతాయి. మొన్నీమధ్య దానికి ఏసీ పని పడింది. ఆ వంకతో నేను ఈ కథంతా తవ్వుకుంటూ పోయాను.

చల్లదనం కోసం మనిషి పడిన తంటాలు పాతవే. అక్బర్ దర్బారులో ఆబ్‌దార్‌ఖానా అని ప్రత్యేక విభాగం ఉండేది. అక్కడ నీళ్ళు చల్లబరచడానికి షోరా వాడేవాళ్ళని అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో రాశాడు. షోరా అంటే మన సూరేకారం. తుపాకీ మందులో వేసేదే. అది నీళ్ళలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. అందులో నీళ్ళ కూజాను తిప్పితే లోపలి నీళ్ళు చల్లబడతాయి. తర్వాత దర్బారు లాహోర్‌కు మారినప్పుడు కొండల నుంచి బరఫ్ తెప్పించుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు ఇంకా దూరం పోయారు. అమెరికాలో గడ్డకట్టిన చెరువుల మంచును కోసి, రంపపు పొట్టులో చుట్టి, ఓడల్లో తెచ్చారు. ఆ మంచు దాచడానికి 1842లో మద్రాసు సముద్రం ఒడ్డున కట్టిన ఐస్ హౌస్ భవనం ఇప్పటికీ ఉంది.

కారు ఏసీ ఉసూల్ కూడా సూరేకారం ఉసూల్‌కు చుట్టమే. ద్రవం ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది. చేతి మీద అత్తరు రాసుకుంటే చల్లగా అనిపించేది అందుకే. ఏసీలో గ్యాసును కంప్రెసర్ నొక్కుతుంది, ముందున్న కండెన్సర్‌లో అది వేడిని బయటికి వదిలి ద్రవమవుతుంది, డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో మళ్ళీ ఆవిరై లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి కావలసింది తేలిగ్గా ఆవిరయ్యేది, తేలిగ్గా ద్రవమయ్యేది. అలాంటి పదార్థాలు దొరకడం కష్టం కాదు. జాన్ తీయనిది దొరకడమే కష్టం.

1920లలో అమెరికాలో, యూరప్‌లో ఇళ్ళలోకి ఫ్రిజ్‌లు వచ్చినప్పుడు వాటిలో వాడింది అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్. మూడూ జహరే. మొదటి రెండూ లీకైతే కనీసం ఘాటుకు మెలకువ వచ్చి పరుగెత్తవచ్చు. మిథైల్ క్లోరైడ్‌కు ఆ ఘాటు కూడా లేదు. నిద్రలోనే మనుషులు పోయారు. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఇలా ఫ్రిజ్ లీకై చనిపోయిందని అఖ్బార్‌లో చదివి ఐన్‌స్టీన్ మనసు చెదిరిందంటారు. ఆయన, లియో సిలార్డ్ కలిసి లీకయ్యే కీళ్ళు లేని ఫ్రిజ్ ఒకటి తయారు చేయబోయారు. 1930లో అమెరికా పేటెంట్ కూడా వచ్చింది. అది బజార్లోకి రాలేదు. దానికంటే ముందే రసాయనశాస్త్రం వేరే ఇలాజ్ కనిపెట్టింది. ఈ మిథైల్ క్లోరైడ్ పేరు మాత్రం యాద్ పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ బృందం 1928లో కొత్త పదార్థాన్ని పట్టుకుంది. కార్బన్, క్లోరిన్, ఫ్లోరిన్ కలిసినది. మండదు, వాసన లేదు, జహర్ కాదు, లోహాన్ని తినదు. 1930లో అట్లాంటాలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల జల్సాలో మిడ్జ్‌లీ దాన్ని నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదకు ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది, మనిషి నవ్వుతూ నిలబడ్డాడు. జహర్ కాదు, మండదు అన్న రెండు సంగతులూ ఒక్క ఊపిరిలో సాబిత్ అయ్యాయి. జనరల్ మోటార్స్, డ్యూపాంట్ కలిసి దాన్ని ఫ్రియాన్ పేరుతో అమ్మాయి. మన మెకానిక్కులు చెప్పే ఆర్-12 అదే. పెట్రోలులో సీసం కలపడం మొదలుపెట్టింది కూడా ఈ మిడ్జ్‌లీయే. ఆకాశానికీ, పసిపిల్లల రక్తానికీ ఇద్దరు వేరువేరు మనుషులు చేయగల నుక్సాన్‌ను ఆయన ఒక్కడే చేసి పోయాడు. పాపం, ఆయనకు ఆ రెండు సంగతుల్లో మొదటిది తెలియనే తెలియదు. 1944లో చనిపోయాడు.

కారులో ఏసీని మొదట పెట్టి అమ్మింది అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ, 1940 మోడల్‌కు. డిక్కీలో సగం జాగా అదే తినేసేది. ఆపాలంటే బండి దిగి, బానెట్ ఎత్తి, చేత్తో బెల్టు తీయాలి. ఆ తమాషా నుంచి మొదలై మన దాకా రావడానికి నలభై ఏళ్ళకు పైనే పట్టింది. మన దేశంలో మారుతి వచ్చాకే మధ్యతరగతి ఘరానాలు కారు ఏసీ మొహం చూశాయి. గ్యాసు కూడా ఇక్కడే తయారయ్యేది. సూరత్ దగ్గర నవీన్ ఫ్లోరిన్ వాళ్ళు మాఫ్రాన్ పేరుతో చేసేవాళ్ళు, ఎస్‌ఆర్‌ఎఫ్ వాళ్ళది ఫ్లోరాన్, మనకు దగ్గర్లో తమిళనాడు మెట్టూరులో కెమ్‌ప్లాస్ట్ వాళ్ళకు ఒక ఫ్యాక్టరీ. పాత ఉస్తాదులు గ్యాస్ అనకుండా "మాఫ్రాన్ కొట్టు" అనేవాళ్ళు, వనస్పతిని డాల్డా అన్నట్టు.

ఆ జమానాలో లీకు పట్టే పద్ధతి ఒకటుండేది, హాలైడ్ టార్చి. చిన్న మంట, దానికి ఒక రబ్బరు గొట్టం. గొట్టం కొసను పైపుల వెంట జరుపుకుంటూ పోతే, గ్యాసు లీకైన చోట మంట రంగు ఆకుపచ్చగా మారేది. అందులోని క్లోరిన్ వల్ల ఆ రంగు. చూడటానికి జాదూలా ఉండేదట. కానీ మంటలో కాలిన ఫ్రియాన్ నుంచి ఫాస్జీన్ లాంటి విషవాయువులు పుడతాయి. ఫాస్జీన్ మొదటి ప్రపంచయుద్ధంలో సిపాయిల మీద వదిలిన గ్యాసు. మూసిన షెడ్డులో, వంగి, ముక్కు దగ్గర పెట్టుకుని ఆ టార్చితో పనిచేసిన మన అబ్బాయిలు ఎందరో. జహర్ కాదన్న మాట సీదాగా పీల్చినంత వరకే నిజం.

అసలు నుక్సాన్ పైన జరిగింది. 1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. ఈ గ్యాసు ఎక్కడా చెడిపోదు కాబట్టే ప్రమాదం, అది మెల్లగా పైకి పోయి, సూర్యకాంతికి విరిగి, దానిలోని క్లోరిన్ ఓజోన్ పొరను తింటుంది, ఒక్కో క్లోరిన్ అణువు వేల ఓజోన్ కణాలను మింగుతుంది అని. కంపెనీలు నమ్మలేదు, నమ్మనట్టు నటించాయి. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిపోయిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొలిచి చూపించాక దబాయింపు నడవలేదు. ఓజోన్ తగ్గితే అతినీలలోహిత కిరణాలు నేల మీద పడతాయి. చర్మ కేన్సర్లు, మోతియాబింద్ పెరుగుతాయి. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది, ఈ గ్యాసులు ఆపాలని. మొలీనా, రోలండ్‌లకు పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో నోబెల్ వచ్చింది.

ఇక్కడే హిందుస్తాన్ ఒక న్యాయమైన సవాల్ వేసింది. పొరకు చిల్లు పెట్టింది మీరు, మేము మనిషికి ఏడాదికి మూడు వందల గ్రాములు కూడా వాడని దేశం, ఖర్చు మేమెందుకు భరించాలి? 1990లో లండన్ సమావేశానికి పర్యావరణ మంత్రిగా మేనకా గాంధీ వెళ్ళి గట్టిగా నిలబడింది. చైనా కూడా అదే మాట అంది. ఫలితంగా పేద దేశాలకు సహాయంగా ఒక ఫండ్ ఏర్పడింది. ఆ తర్వాతే, 1992లో, మనం మాంట్రియల్ ఒప్పందంలో చేరాం. పేద దేశాలకు అదనంగా పదేళ్ళ మోహలత్ దొరికింది. 2000లో మన ప్రభుత్వం ఖాయిదాలు తెచ్చింది. 2003 మొదటి నుంచి కొత్త బండ్లలో ఆర్-12 పెట్టకూడదన్నారు. 2008 ఆగస్టు 1న ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్లకు తప్ప దాని తయారీనే ఆపేశారు. గడువు కంటే పదిహేడు నెలల ముందు. మన ప్రభుత్వాలు ముందుగా చేసిన పనులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, వాటిలో ఇదొకటి.

మరి బదులుగా ఏది? కార్లకు తేలిన జవాబు ఆర్-134ఎ. ఇందులో క్లోరిన్ లేదు, ఓజోన్‌ను తాకదు. కానీ దాని తయారీ నుస్ఖా కొన్ని విదేశీ కంపెనీల గుప్పిట్లో ఉండేది. మన దేశపు కంపెనీ ఒకటి టెక్నాలజీ అడిగితే రెండున్నర కోట్ల డాలర్లు చెప్పారని ఆనాటి వాణిజ్య చర్చల్లో పదేపదే వినబడిన మాట. ఒక చేత్తో పాత గ్యాసు ఆపమనడం, ఇంకో చేత్తో కొత్త గ్యాసుకు అందుకోలేని ఖీమత్ చెప్పడం.

ఆ సమయంలో హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు 134ఎ తయారీకి సొంత పద్ధతి మీద పనిచేసి సాధించారు. ఈ సంస్థ గురించి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1944లో నిజాం ప్రభుత్వం సెంట్రల్ లేబరేటరీస్ అని పెట్టిన సంస్థ అది. తర్వాత రీజినల్ రీసెర్చ్ లేబరేటరీ అయింది, 1989లో ఇప్పటి పేరు వచ్చింది. దాన్ని నిలబెట్టిన తొలితరం డైరెక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్. అభ్యుదయ రచయితల ఉద్యమం నడిపిన సజ్జాద్ జహీర్‌కు స్వయానా అన్నదమ్ముడు. ఒకే ఇంట్లో ఒకరు అదబ్ వైపు, ఒకరు సైన్స్ వైపు. ఎస్‌ఆర్‌ఎఫ్ కంపెనీ కూడా తర్వాత సొంత మెహనత్‌తో 134ఎ తయారు చేసింది. ఇప్పుడు మన బజార్లో ఆ గ్యాసు ఇంత ఆసానీగా దొరుకుతోందంటే, ఎవరి దయ వల్లా కాదు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే మా మామూజాన్‌కు ఇబ్బంది ఉండేది కాదు. కష్టమేమిటంటే గ్యాసు మారితే బండి మారాలి. వి.కోటలో మాకు తెలిసిన ఏసీ ఉస్తాద్ పన్నెండేళ్ళు కువైట్‌లో పనిచేసి వచ్చినవాడు. మన మదనపల్లె, రాయచోటి, కడప వైపు నుంచి ఖాడీకి పోయినవాళ్ళలో డ్రైవర్లు ఎందరో, వాళ్ళ బండ్ల ఏసీలు చూసే హునర్ నేర్చుకుని వచ్చినవాళ్ళు కొందరు. ఆయన మామూజాన్‌తో అన్న మొదటి మాట: "పహలే గాడీ దేఖేంగే మియా, ఫిర్ గ్యాస్ కీ బాత్." తర్వాత అరగంట కూర్చోబెట్టి చెప్పిన సంగతులు నాకు ఏ కితాబు కంటే ఎక్కువ పనికొచ్చాయి.

కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. అది గ్యాసుతో కలిసి తిరుగుతూ లోపలి భాగాలకు తడి అందిస్తుంది. ఆర్-12 బండ్లలో వాడేది మినరల్ ఆయిల్. 134 దానితో కలవదు. నూనె ఎక్కడో పైపుల్లో నిలిచిపోతుంది, కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. అందుకే పాత నూనె తీసేసి, ఈస్టర్ ఆయిల్ పోయాలి. కొత్త 134 బండ్లలో వాడే పీఏజీ ఆయిల్ పాత బండికి మంచిది కాదు, లోపల మిగిలిన క్లోరిన్ దాన్ని పాడు చేస్తుంది. డ్రయ్యర్ మార్చాలి, అందులో తేమ పీల్చే గింజలు పాత రకానివి 134కు సరిపోవు. విప్పిన ప్రతి కీలు దగ్గరా ఓ-రింగులు కొత్తవి, 134కు తట్టుకునే రకం వేయాలి. 134 కణం చిన్నది, పాత రబ్బరు హోసుల గోడల్లోంచి కూడా మెల్లగా జారుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా నూనె పీల్చిన హోసులు కొంచెం నయం, మరీ పగుళ్ళు ఉంటే మార్చడమే.

ఇంకో సంగతి వేడి రోజున బయటపడుతుంది. కండెన్సర్ 60 డిగ్రీలకు చేరినప్పుడు ఆర్-12 పీడనం దాదాపు 15 బార్ అయితే, 134ది 17 దగ్గర ఉంటుంది. అదే చల్లటి వైపు, సున్నా డిగ్రీల దగ్గర, 134 పీడనం ఆర్-12 కంటే కొంచెం తక్కువ. అంటే ఈ చివర నుంచి ఆ చివరకు నొక్కడానికి కంప్రెసర్ ఎక్కువ కష్టపడాలి. చిన్న కండెన్సర్ ఉన్న పాత బండి పరుగులో బాగానే చల్లబరుస్తుంది, గుడియాత్తం ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం వేడెక్కుతుంది. ముందు ఫ్యాను సరిగా తిరిగేలా చూసుకోవడం, కుదిరితే కండెన్సర్ పెద్దది వేయించడం దానికి ఇలాజ్. గ్యాసు కూడా పాత కొలతలో ఎనభై, తొంభై శాతమే పట్టించాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆర్-12 జమానాలో డ్రయ్యర్ మీద చిన్న అద్దం ఉండేది, అందులో బుడగలు పోయేదాకా గ్యాసు కొట్టడం ఆదత్. 134తో ఆ అద్దం అబద్ధం చెబుతుంది. బుడగలు పోవాలని కొడుతూ పోతే గ్యాసు ఎక్కువై, పీడనం పెరిగి, ఏసీ ఇంకా వేడి గాలి ఇస్తుంది. తరాజూ మీద తూచి పట్టడం ఒక్కటే సరైన దారి. హాలైడ్ టార్చికి కూడా 134 కనబడదు, క్లోరిన్ లేదు కదా. సబ్బు నీళ్ళు లేదా ఎలక్ట్రానిక్ మీటరు.

ఇవన్నీ చేస్తే ఖర్చు బాగానే అవుతుంది. అందుకే బజార్లో అడ్డదారులు. ఇంటి ఏసీల్లో పోసే ఆర్-22 కారులో కొట్టేవాళ్ళున్నారు. 60 డిగ్రీల దగ్గర దాని పీడనం 24 బార్ దాటుతుంది. పాత హోసు ఎప్పుడు పగులుతుందో చెప్పలేం.

రెండో అడ్డదారి హెచ్‌సీ, అంటే హైడ్రోకార్బన్. దీని గురించి ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. దీన్ని నాసిరకం సరుకు అనడానికి లేదు. ప్రొపేన్, ఐసోబ్యుటేన్ సరైన పాళ్ళలో కలిపితే అచ్చం ఆర్-12లా నడుచుకుంటుంది. పాత మినరల్ ఆయిల్‌తోనే కలుస్తుంది, ఓజోన్‌కు నష్టం లేదు, భూతాపానికి దాదాపు లేదు. 1990ల మొదట్లో జర్మనీలో గ్రీన్‌పీస్ వాళ్ళు ఒక తూర్పు జర్మన్ ఫ్యాక్టరీతో కలిసి ఈ గ్యాసుతో ఫ్రిజ్‌లు తెచ్చినప్పుడు పెద్ద కంపెనీలు వెక్కిరించాయి. ఇప్పుడు మీ ఇంట్లో ఫ్రిజ్ వెనక చూడండి, ఆర్-600ఎ అని ఉంటే అదే. మన గోద్రెజ్ 2012లో ప్రొపేన్‌తో ఇంటి ఏసీలే తెచ్చింది. ఆస్ట్రేలియాలో కార్లలోనూ వాడతారు. అమెరికాలో మాత్రం ఆర్-12 కార్లలో దీన్ని పోయడం నిషేధం.

తేడా ఎక్కడంటే, ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములు, అన్నీ వెల్డు చేసిన కీళ్ళు, కదలని వంటగది. కారులో రబ్బరు పైపులు, రోజంతా కుదుపు, కూలింగ్ కాయిల్ సరిగ్గా మన మోకాళ్ళ ముందు. ఒక చిన్న హిసాబ్ చేసి చూడండి. ఆర్-12 ఏడు వందల గ్రాములు పట్టే చోట హెచ్‌సీ రెండు వందల యాభై గ్రాములు పడుతుంది. చిన్న కారు లోపలి ఖాళీ మూడు ఘనపు మీటర్లు అనుకుందాం. గాలిలో రెండు శాతం దగ్గర ఈ గ్యాసు అంటుకునే హద్దుకు చేరుతుంది. అంటే అరవై లీటర్లు, బరువులో సుమారు నూట ఇరవై, నూట ముప్పై గ్రాములు. బండిలో ఉన్నదాంట్లో సగం లోపలికి లీకైతే చాలు. అద్దాలు మూసి, పిల్లలు వెనక నిద్రపోతుంటే, ముందు ఎవరో బీడీ వెలిగిస్తే? ముప్పై ఏళ్ళ కాయిల్ మీద నేనైతే ఆ భరోసా పెట్టను. ఇక ఇంటి వంట సిలిండర్ నుంచే గొట్టం పెట్టి కొట్టేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. దానిలో తేమ, గంధకం, పాళ్ళు తెలియని మిశ్రమం. ప్రమాదానికి తోడు కంప్రెసర్ కూడా పోతుంది.

మూడోది నక్లీ సరుకు. ఇక్కడే ఆ పాత మిథైల్ క్లోరైడ్ తిరిగి వస్తుంది. 2011లో ఓడల మీద సరుకు తీసుకుపోయే శీతల కంటైనర్లు పేలాయి, ముగ్గురు కార్మికులు చనిపోయారు. వియత్నాంలో సర్వీసు చేసినప్పుడు 134 అని చెప్పి పోసిన గ్యాసులో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉందని తేలింది. చవక కాబట్టి కలిపారు. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే చాలు తనంతట తానే అంటుకునే పదార్థాన్ని తయారు చేస్తుంది. కారు కండెన్సర్, కాయిల్, కంప్రెసర్ అన్నీ అల్యూమినియమే. ఎనభై ఏళ్ళ కింద ఇళ్ళలోంచి తరిమేసిన జహర్ నకిలీ సిలిండర్‌లో దొడ్డిదారిన వచ్చింది. మా ఉస్తాద్ కొత్త సిలిండర్ తెచ్చిన రాత్రంతా నీడలో ఉంచి, పొద్దున గేజి పెట్టి చూస్తాడు. 30 డిగ్రీల దగ్గర అసలు 134 అయితే 97 పీఎస్‌ఐ దగ్గర చూపాలి. చూపకపోతే వాపస్. చూపినంత మాత్రాన అస్లీ అని గ్యారంటీ లేదు, పీడనం కుదిరేలా కలిపే దగాబాజులూ ఉన్నారు. అందుకే బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొంటాడు.

134తో కూడా కథ ముగియలేదు. ఓజోన్‌ను వదిలేసింది గానీ భూమిని వేడెక్కిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో దాన్ని పెట్టనివ్వడం లేదు. 1234వైఎఫ్ అనే ఖరీదైన గ్యాసు వచ్చింది. 2016లో కిగాలీలో కుదిరిన ఒప్పందాన్ని మనం 2021లో ఆమోదించాం. 2028లో ఈ రకం గ్యాసుల వాడకం పెరగకుండా ఆపాలి, 2047కల్లా 85 శాతం తగ్గించాలి. ఆ కొత్త గ్యాసు కోసం 1994 మారుతిని మార్చాలని ఎవరూ అడగరు, మార్చినా ఫాయిదా లేదు. దాని ఉమర్ అంతకంటే ముందే తీరిపోతుంది.

కానీ ఆర్-12తో ఇప్పుడు కూడా ఒక పని మిగిలి ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. పాత బండిలో మిగిలిన గ్యాసును ఏం చేస్తారు? మామూలుగా వాల్వ్ నొక్కి వదిలేస్తారు. రెండు నిమిషాలు బుస్సుమంటుంది, అయిపోతుంది. ఆర్-12 కార్బన్ డయాక్సైడ్ కంటే పదివేల తొమ్మిది వందల రెట్లు వేడెక్కిస్తుంది. ఏడు వందల గ్రాములు వదిలితే మూడువేల మూడు వందల లీటర్ల పెట్రోలు కాల్చినంత నుక్సాన్. ఆ చిన్న బండి యాభై వేల కిలోమీటర్లు తిరిగితే వచ్చే పొగ అది. పైగా ఆ గ్యాసు వందేళ్ళ దాకా చావదు. 1994లో ఏదో షెడ్డులో వదిలినదాంట్లో నాలుగింట మూడు వంతులు ఇప్పటికీ పైనే తిరుగుతోంది. అంటార్కిటికా మీది పొర 2066 ప్రాంతానికి గానీ 1980 నాటి స్థితికి రాదని శాస్త్రవేత్తల అంచనా. మన పిల్లల ముసలితనం అది.

మా ఉస్తాద్ దగ్గర గ్యాసును వెనక్కి లాగే చిన్న రికవరీ యంత్రం ఉంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో ఆయనే అమర్చుకున్నాడు. అలా లాగిన ఆర్-12ను వేరే సిలిండర్‌లో, వేరే రంగు పూసి పెట్టుకున్నాడు. ఊళ్ళో ఇంకా ఆ గ్యాసు మీదే నడుస్తున్న పాత బండ్లు రెండు మూడు ఉన్నాయట, వాటికి కొద్దికొద్దిగా పోస్తాడు. బెంగళూరులో పాత కార్లు సేకరించే షౌఖీనులు దానికి మంచి ధర ఇస్తామన్నా ఊరి బండ్లకే ఉంచాడు.

మామూజాన్ బండికి చివరికి 134 పట్టించాం. నూనె, డ్రయ్యర్, ఓ-రింగులు, ఒక హోసు, ముందు ఫ్యాను. ముప్పావు గంట వాక్యూమ్ పెట్టాక మళ్ళీ అరగంట గేజి కదలకుండా నిలబడిందా లేదా అని చూశాడు. ఆ అరగంటా మామూజాన్ గడియారం చూస్తూ సణుగుతూనే ఉన్నాడు. గ్యాసు తూచి పట్టాక ఉస్తాద్ పాత ఆర్-12 స్టిక్కర్‌ను బ్లేడుతో గీకేసి, దాని జాగాలో కొత్త కాగితం అతికించాడు: గ్యాసు ఏది, ఎన్ని గ్రాములు, నూనె ఏది, తారీఖు. పైన పారదర్శకమైన టేపు. రేపు ఈ బండిని పలమనేరులోనో, బంగారుపేటలోనో ఇంకెవరో విప్పుతారు. వాళ్ళు దీనిలో ఇంకో గ్యాసు కలపకుండా ఉండాలంటే లోపల ఏముందో రాసి ఉండాలన్నాడు. మీ పాత బండికి గ్యాసు మార్పించేటప్పుడు ఆ కాగితం అడిగి అతికించుకోండి. ఎవరూ తమంతట తాము అతికించరు.